కమాండ్ లైన్‌లో స్ప్రెడ్‌షీట్‌ను సాదా టెక్స్ట్‌గా మార్చడం: అంకె జారకుండా, తెలుగు చెడకుండా

ఎక్సెల్ ఫైలును సీఎస్‌వీగా, అంటే గడులను కామాలతో విడదీసి రాసే సాదా టెక్స్ట్ ఫైలుగా, మార్చే కమాండ్ ఏదని పాఠకులు తరచూ అడుగుతున్నారు. కమాండ్ ఒక్క వరుసలో అయిపోతుంది. ఆ తర్వాతే అసలు ప్రశ్నలు మొదలవుతాయి: నంబర్ల ముందు సున్నాలు ఎగిరిపోయాయి, తేదీ ఉండాల్సిన చోట 45292 అని వచ్చింది, తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారింది, మూడు షీట్లలో ఒకటే వచ్చింది. ఈ మార్గదర్శి ముఖ్యంగా ఆ ప్రశ్నల కోసం.

ఒక్క విషయం ముందే మనసులో పెట్టుకోండి. స్ప్రెడ్‌షీట్‌లో ప్రతి గడికీ రెండు ముఖాలుంటాయి: తెర మీద కనిపించేది, లోపల నిల్వ ఉన్నది. సాదా టెక్స్ట్‌లో ఒక్క దానికే చోటు. మార్చే పనిముట్లలో కొన్ని కనిపించేదాన్ని రాస్తాయి, కొన్ని లోపలి విలువను రాస్తాయి. ఏ కాలమ్‌కు ఏది కావాలో మీరు తేల్చుకోకపోతే ఆ నిర్ణయం పనిముట్టు తీసుకుంటుంది.

ఉదాహరణకు ఒక చిన్న గ్రంథాలయపు పుస్తకాల జాబితాను తీసుకుంటున్నాను. అందులో యాక్సెషన్ నంబరు (గ్రంథాలయం ప్రతి పుస్తకానికీ ఇచ్చే సంఖ్య), పుస్తకం పేరు, ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య), వెల, కొన్న తేదీ, వ్యాఖ్య అనే కాలమ్‌లున్నాయి. ఫైలు పేరు బుక్స్.ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్. రావాల్సిన చిక్కులన్నీ ఈ ఆరు కాలమ్‌లలోనే వస్తాయి.

కమాండ్లను ఇక్కడ తెలుగు లిపిలో రాశాను. టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి. పెద్దక్షరం అని ప్రత్యేకంగా చెప్పిన చోట తప్ప అన్నీ చిన్నక్షరాలే. అడ్డగీతలు, కామాలు, కొటేషన్లు, ఖాళీలు ఉన్నవి ఉన్నట్టే కొట్టాలి.

1. పనిముట్టును ఎంచుకోవడం

నాలుగు పనిముట్లు తెలిస్తే చాలు. నాలుగూ ఉచితమే.

లిబ్రేఆఫీస్: ఎక్స్‌ఎల్‌ఎస్, ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్, ఓడీఎస్ అన్నీ చదువుతుంది. కనిపించేదాన్ని రాస్తుంది. దీని కమాండ్ పేరు సాఫిస్, అంటే ఆఫీస్ అనే ఇంగ్లిష్ మాటకు ముందు ఎస్ చేర్చి కొట్టాలి.

ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్2సీఎస్‌వీ: ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైళ్లకు మాత్రమే పనికొస్తుంది. చిన్నది, వేగంగా పని చేస్తుంది. పేరులోని అంకె అంకెగానే కొట్టాలి.

ఇన్2సీఎస్‌వీ: సీఎస్‌వీకిట్ అనే పెట్టెలో వచ్చే పనిముట్టు. లోపలి విలువను రాస్తుంది. ఆ పెట్టెలోని మిగతా పనిముట్లు సరిచూసుకోవడానికి బాగా అక్కరకొస్తాయి.

ఎస్‌ఎస్‌కన్వర్ట్: న్యూమెరిక్ అనే స్ప్రెడ్‌షీట్‌తో వస్తుంది. కనిపించేది కావాలో లోపలిది కావాలో మనమే చెప్పగలిగే వీలు దీనిలో ఉంది.

ఉబుంటు, డెబియన్‌లలో నాలుగింటినీ ఒకేసారి పెట్టుకోవచ్చు:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ లిబ్రేఆఫీస్-కాల్క్ న్యూమెరిక్ సీఎస్‌వీకిట్ ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్2సీఎస్‌వీ

న్యూమెరిక్ స్పెల్లింగ్ జీ అక్షరంతో మొదలవుతుంది. విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ లిబ్రేఆఫీస్‌ను మామూలుగా ఇన్‌స్టాల్ చేసుకుని, సీఎస్‌వీకిట్‌ను, ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్2సీఎస్‌వీని పైథాన్ పిప్ ద్వారా తెచ్చుకోవచ్చు.

ఏది వాడాలో తేలకపోతే నా సలహా ఇది. ఫైలు పాతదైనా, రకం తెలియకపోయినా లిబ్రేఆఫీస్‌తో మొదలుపెట్టండి. లెక్కలు చేయడానికి అంకెలు కావాలంటే ఇన్2సీఎస్‌వీ వాడండి.

2. మార్చే ముందు ఫైలును సిద్ధం చేయడం

ఈ పనికి పట్టే సమయంలో సగానికి పైగా ఇక్కడే పెట్టాలి. ఇక్కడ తొందరపడితే తర్వాత ఏ కమాండూ కాపాడదు.

ముందుగా అసలు ఫైలుకు నకలు తీసి, అసలుదాన్ని ముట్టుకోకుండా పక్కన పెట్టండి. మిగతా పనంతా నకలు మీదే చేయండి.

తర్వాత రంగులను చూడండి. మన కార్యాలయాల్లో, గ్రంథాలయాల్లో రంగుతో సమాచారం రాయడం బాగా అలవాటు. పసుపు పూసిన వరుస అంటే పోయిన పుస్తకం, ఎరుపు అంటే తిరిగి రానిది. సాదా టెక్స్ట్‌కు రంగు లేదు. మార్చిన క్షణంలో ఆ సమాచారమంతా పోతుంది, ఎక్కడా హెచ్చరిక కూడా రాదు. స్థితి అనే కొత్త కాలమ్ పెట్టి, రంగును బట్టి వడపోసి, ఒక్కో రంగుకు సరిపడే మాట నింపండి. గడి మూలన పెట్టిన చిన్న నోట్లదీ ఇదే సంగతి. అవసరమైన వాటిని ఒక కాలమ్‌లోకి ఎక్కించండి.

కలిపేసిన గడులు మరో చిక్కు. నాలుగు వరుసలను కలిపి ఒకసారి మాత్రమే నవలలు అని రాస్తే, మార్చాక మొదటి వరుసలోనే ఆ మాట ఉంటుంది. మిగతా మూడూ ఖాళీ. కలిపినవాటిని విడదీసి ప్రతి వరుసలోనూ నింపండి. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్2సీఎస్‌వీకి దీనికోసం -ఎం అనే ఐచ్ఛికం ఉన్నా, చేత్తో నింపుకుంటే కళ్ల ముందే తేలిపోతుంది.

దాచిన వరుసలు, దాచిన షీట్ల విషయంలో గట్టిగా చెప్పాల్సి ఉంది. దాచడం అంటే తీసేయడం కాదు. మీరు దాచిన సభ్యుల ఫోను నంబర్లు సీఎస్‌వీలో బయటపడవచ్చు. ఫైలును ఎవరికైనా పంపేట్టయితే, బయటికి వెళ్లకూడని వరుసలను నకలులోంచి పూర్తిగా తొలగించాకే మార్చండి.

చివరగా, పై వరుసలోని కాలమ్ పేర్లు ఒకే వరుసలో ఉండాలి. పైన గ్రంథాలయం పేరు, దాని కింద సంవత్సరం, ఆ కింద కాలమ్ పేర్లు అన్నట్టు ఉంటే పై రెండు వరుసలూ తీసేయండి. అట్టడుగున మొత్తం అని రాసిన వరుసను కూడా తీసేయండి. లేకపోతే దాన్ని కూడా ఒక పుస్తకంగా లెక్కేస్తారు.

సిద్ధమైనట్టు తేల్చుకునే జాబితా:

- అసలు ఫైలు భద్రంగా ఉంది, పని నకలు మీదే
- రంగుల్లోని సమాచారం ఒక కాలమ్‌లోకి వచ్చింది
- కలిపిన గడులు విడిపోయాయి, ఖాళీలు నిండాయి
- పంపకూడనివి తొలగిపోయాయి
- కాలమ్ పేర్లు ఒకే వరుసలో ఉన్నాయి, మొత్తం వరుస లేదు
- ప్రతి షీట్‌లో ఎన్ని వరుసలున్నాయో కాగితం మీద రాసుకున్నారు

ఆఖరి అంశాన్ని దాటవేయకండి. సరిచూసేటప్పుడు ఆ అంకే మీకు ఆధారం.

3. కాలమ్ వారీగా నిర్ణయం: కనిపించేదా, లోపలిదా

యాక్సెషన్ నంబరు 00417 అని కనిపిస్తోందనుకోండి. దీని వెనక రెండు పరిస్థితులు ఉండవచ్చు. గడిలో నిజంగానే ఐదు అక్షరాల టెక్స్ట్ ఉండవచ్చు. లేదా లోపల 417 అనే సంఖ్య ఉండి, ఐదంకెల ఫార్మాట్ వల్ల ముందు సున్నాలు కనిపిస్తూ ఉండవచ్చు. గడి మీద క్లిక్ చేసి పైనున్న ఫార్ములా పట్టీ చూడండి. అక్కడ 417 అని ఉంటే సున్నాలు ముఖాలంకరణే. అప్పుడు లిబ్రేఆఫీస్ 00417 అని రాస్తుంది, ఇన్2సీఎస్‌వీ 417 అని రాస్తుంది. ఒకే గడికి రెండు ఫలితాలు, రెండూ ఆయా పనిముట్ల లెక్క ప్రకారం సరైనవే.

వెల కాలమ్‌లో ఇది తిరగబడుతుంది. ఒక గడిలో 120500 ఉండి, మన పద్ధతిలో 1,20,500 అని కనిపిస్తోందనుకోండి. లిబ్రేఆఫీస్ ఆ కామాలతో సహా కొటేషన్లలో పెట్టి రాస్తుంది. తర్వాత దాన్ని కూడబోయిన ప్రోగ్రాముకు అది సంఖ్య కాదు, టెక్స్ట్. 99.456 అనే విలువ తెర మీద 99.46గా కనిపిస్తుంటే ఫైలులోకి కూడా 99.46 మాత్రమే వెళ్తుంది, మిగతా దశాంశం పోతుంది.

అంటే నంబరులో కనిపించేది కావాలి, వెలలో లోపలిది కావాలి. ఒకే కమాండ్‌తో రెండూ కుదరాలంటే షీట్‌లోనే సరిచేయాలి:

- గుర్తింపు సంఖ్యలన్నిటినీ టెక్స్ట్‌గా మార్చండి. పక్కన కొత్త కాలమ్‌లో టెక్స్ట్ ఫార్ములా వాడి, ఫార్మాట్‌గా ఐదు సున్నాలు ఇవ్వండి. ఫలితాన్ని కాపీ చేసి విలువలుగా అతికించి, పాత కాలమ్ తీసేయండి.
- వెల, మొత్తం, శాతం లాంటి వాటి ఫార్మాట్‌ను జనరల్‌కు మార్చండి. రూపాయి గుర్తు, కామాలు పోయి శుద్ధమైన సంఖ్య మిగులుతుంది.

ఐఎస్‌బీఎన్‌కు 13 అంకెలు. భారతదేశంలో అచ్చయిన పుస్తకాలపై అది చాలావరకు 97881తో గానీ 97893తో గానీ మొదలవుతుంది. ఎక్సెల్‌లో జనరల్ ఫార్మాట్ ఉంటే 12 అంకెలు దాటగానే కాదు, 12 అంకెలకే ఘాత రూపం వస్తుంది. అందుకే 12 అంకెల ఆధార్ నంబరు కూడా 1.23457 పక్కన ‘ఈ’ అనే ఇంగ్లిష్ అక్షరం, ప్లస్ 11 అన్న రూపంలో కనిపిస్తుంది. ఎక్సెల్‌లోంచే సీఎస్‌వీగా సేవ్ చేస్తే ఆ ఘాత రూపమే ఫైలులోకి వెళ్లి, చివరి అంకెలు శాశ్వతంగా పోతాయి. అసలు ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైలు మీ దగ్గరుంటే భయం లేదు, లోపల అంకెలన్నీ ఉన్నాయి. కాలమ్ ఫార్మాట్‌ను దశాంశాలు లేని నంబరుకు మార్చి చూడండి.

15 అంకెలు దాటితే కథ వేరు. ఎక్సెల్ సంఖ్యలను 15 అంకెల వరకే ఖచ్చితంగా దాస్తుంది. 16 అంకెల ఖాతా నంబరును సంఖ్యగా ఎక్కిస్తే చివరి అంకె అక్కడికక్కడే సున్నా అయిపోతుంది. ఇది మార్పిడిలో జరిగిన నష్టం కాదు, టైపు చేసిన రోజే జరిగింది. ఏ పనిముట్టూ దాన్ని వెనక్కి తేలేదు. అలాంటి కాలమ్ కనిపిస్తే అసలు రికార్డుల నుంచి మళ్లీ ఎక్కించాల్సిందే.

4. తేదీలు

ఎక్సెల్ తేదీని రోజుల లెక్కగా దాస్తుంది. 1900 జనవరి 1కి 1, అక్కడి నుంచి పెరుగుతూ 2024 జనవరి 1కి 45292. తేదీ బదులు అలాంటి ఐదంకెల సంఖ్య వచ్చిందంటే, ఆ కాలమ్ తేదీ అన్న సంగతి పనిముట్టుకు అందలేదని అర్థం.

అంతకంటే ప్రమాదకరమైనది తప్పుగా ఉన్నా బాగున్నట్టు కనిపించే తేదీ. 03/04/2024 అంటే మనకు ఏప్రిల్ 3. అమెరికా పద్ధతిలో అది మార్చి 4. 13వ తేదీ నుంచి తేడా వెంటనే తెలిసిపోతుంది, 12వ తేదీ వరకు ఎవరికీ అనుమానం రాదు. అందుకే షీట్‌లో కాలమ్ ఫార్మాట్‌ను సంవత్సరం-నెల-రోజు వరసకు మార్చండి: 2024-04-03. దీన్ని ఎవరూ రెండు రకాలుగా చదవలేరు, అక్షరక్రమంలో పేర్చినా కాలక్రమమే వస్తుంది.

ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్2సీఎస్‌వీలో షీట్ ముట్టుకోకుండా కమాండ్‌లోనే చెప్పవచ్చు:

ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్2సీఎస్‌వీ -ఎఫ్ "%వై-%ఎం-%డి" బుక్స్.ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ బుక్స్.సీఎస్‌వీ

ఇందులో వై పెద్దక్షరం, మిగతా రెండూ చిన్నవి.

ఒకే కాలమ్‌లో కొన్ని నిజమైన తేదీలు, కొన్ని తేదీలా టైపు చేసిన టెక్స్ట్ కలిసి ఉండటం మన ఫైళ్లలో చాలా మామూలు. అలైన్‌మెంట్ మార్చకుండా ఉంటే నిజమైన తేదీ గడిలో కుడివైపుకు, టెక్స్ట్ ఎడమవైపుకు ఆనుకుని ఉంటుంది. కాలమ్‌ను ఒకసారి కిందిదాకా చూసుకుంటే ఎడమవైపువి కళ్లకు తగులుతాయి. వాటిని మార్చాకే ముందుకు వెళ్లండి. 2008 తర్వాత అలవాట్లు మారినా, పాత మ్యాక్ కంప్యూటర్లలో తయారైన ఫైళ్లలో లెక్క 1904 నుంచి మొదలవుతుంది. తేదీలన్నీ 1,462 రోజులు తేడాగా కనిపిస్తే కారణం అదే.

5. మార్పిడి

ఇప్పుడు కమాండ్. లిబ్రేఆఫీస్ కిటికీలు తెరిచి ఉంటే ముందుగా అన్నీ మూసేయండి. అది వెనక నడుస్తుంటే చాలాసార్లు ఈ కమాండ్ ఏమీ చేయకుండా, ఏమీ చెప్పకుండా ముగిసిపోతుంది.

సాఫిస్ --హెడ్‌లెస్ --కన్వర్ట్-టు 'సీఎస్‌వీ:టెక్స్ట్ - టీఎక్స్‌టీ - సీఎస్‌వీ (స్టార్‌కాల్క్):44,34,76,1' --అవుట్‌డిర్ ఫలితం బుక్స్.ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్

టెక్స్ట్ అన్న మాటలో టీ, స్టార్‌కాల్క్‌లో ఎస్, సీ పెద్దక్షరాలు. స్టార్‌కాల్క్‌లో ఖాళీ లేదు. కొటేషన్ గుర్తులు తప్పనిసరి, ఎందుకంటే మధ్యలో ఖాళీలూ బ్రాకెట్లూ ఉన్నాయి.

ఆ అంకెల అర్థం తెలిస్తే మీరే మార్చుకోవచ్చు. 44 అంటే గడుల మధ్య కామా. 34 అంటే టెక్స్ట్ చుట్టూ జంట కొటేషన్. 76 అంటే యూటీఎఫ్-8, తెలుగుకు కూడా చోటున్న సంకేతలిపి (కంప్యూటర్ అక్షరాలను దాచే పద్ధతి). 1 అంటే మొదటి వరుస నుంచి. కామా బదులు ట్యాబ్ కావాలంటే 44 స్థానంలో 9, నిలువు గీత కావాలంటే 124.

76ను ఎప్పుడూ వదిలేయకండి. చెప్పకపోతే కొన్ని కంప్యూటర్లలో అది పాత లాటిన్ సంకేతలిపిని ఎంచుకుంటుంది, అందులో తెలుగుకు చోటే లేదు.

ఈ కమాండ్ మొదటి షీట్‌నే రాస్తుంది. అన్ని షీట్లూ కావాలంటే లిబ్రేఆఫీస్ 7.2 లేదా ఆ తర్వాతి వెర్షన్‌లో అంకెల భాగాన్ని ఇలా పెంచండి:

44,34,76,1,,0,ఫాల్స్,ట్రూ,ఫాల్స్,ఫాల్స్,ఫాల్స్,-1

చివరి -1 అంటే అన్ని షీట్లూ. ఒక్కోదానికీ ఫైలు పేరు, షీట్ పేరు కలిపి వేరే ఫైలు తయారవుతుంది. -1 బదులు 2 అంటే రెండో షీట్ ఒక్కటే.

ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్2సీఎస్‌వీలో అన్ని షీట్లకు:

ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్2సీఎస్‌వీ -ఏ బుక్స్.ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫలితం

ఇక్కడ ఫలితం ఒక ఫోల్డరు. ఒక్క షీట్ చాలంటే -ఎస్ 2 అని దాని సంఖ్య ఇవ్వండి.

ఇన్2సీఎస్‌వీలో ముందుగా షీట్ల పేర్లు చూసుకుని, తర్వాత ఒకదాన్ని తీయాలి:

ఇన్2సీఎస్‌వీ --నేమ్స్ బుక్స్.ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్

ఇన్2సీఎస్‌వీ -ఐ --షీట్ "పుస్తకాలు" బుక్స్.ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ > బుక్స్.సీఎస్‌వీ

ఈ -ఐ పెద్దక్షరం. దీన్ని మరవకండి. అది లేకపోతే ఇన్2సీఎస్‌వీ ప్రతి కాలమ్ రకాన్ని ఊహించబోతుంది. 00417 అనే టెక్స్ట్‌ను 417 చేస్తుంది. ఒక కాలమ్‌లో 0, 1 మాత్రమే ఉంటే వాటిని అవును, కాదు అనే విలువలుగా భావించి ట్రూ, ఫాల్స్ అని రాస్తుంది. ప్రతుల సంఖ్య కాలమ్‌లో అన్నీ ఒకటే ప్రతి ఉన్న గ్రంథాలయానికి ఇది పెద్ద దెబ్బ.

విండోస్ వాళ్లకు ఒక జాగ్రత్త. విండోస్‌తో పాటే వచ్చే పవర్‌షెల్ 5.1లో > గుర్తుతో ఫైలులోకి పంపితే అది యూటీఎఫ్-16లో రాస్తుంది. తర్వాతి పనిముట్లు ఆ ఫైలును చదవలేక తిప్పి కొడతాయి. పాత కమాండ్ ప్రాంప్ట్‌ను గానీ పవర్‌షెల్ 7ను గానీ వాడండి.

ఎస్‌ఎస్‌కన్వర్ట్ ద్వారా అన్ని షీట్లూ విడివిడిగా:

ఎస్‌ఎస్‌కన్వర్ట్ -ఎస్ బుక్స్.ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ బుక్స్-%ఎస్.సీఎస్‌వీ

మొదటి ఎస్ పెద్దక్షరం, %ఎస్‌లోది చిన్నది. అక్కడ షీట్ పేరు వచ్చి కూర్చుంటుంది.

చాలా ఫైళ్లు ఉంటే సాఫిస్ కమాండ్ చివర ఫైలు పేరు బదులు *.ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ అని ఇవ్వవచ్చు. ఒకే పేరుతో బుక్స్.ఎక్స్‌ఎల్‌ఎస్, బుక్స్.ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ రెండూ ఉంటే ఒకేసారి మార్చకండి. రెండూ బుక్స్.సీఎస్‌వీనే తయారుచేస్తాయి, రెండోది మొదటిదాన్ని అడగకుండా చెరిపేస్తుంది.

6. కామానా, ట్యాబా

మార్చాక ఒక వరుస ఇలా ఉంటుంది (ఐఎస్‌బీఎన్ కాలమ్‌ను ఇక్కడ వదిలేశాను):

00417,"వంటలు, పిండివంటలు",120,2024-01-01,"అట్ట ""కొత్తది"" వేశారు"

దీన్ని నిదానంగా చూడండి. పుస్తకం పేరులో కామా ఉంది కాబట్టి పేరు మొత్తం కొటేషన్లలో ఉంది. వ్యాఖ్యలో ముందే కొటేషన్ ఉంది కాబట్టి లోపలిది రెండింతలైంది. ఇది తప్పు కాదు, సీఎస్‌వీ నియమమే. 2005లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4180 పత్రంలో ఇదే పద్ధతి ఉంది. సీఎస్‌వీ తెలిసిన ప్రోగ్రాములకు ఏ ఇబ్బందీ లేదు.

ఇబ్బందల్లా కట్, ఆక్ లాంటి పాత పనిముట్లతో. అవి కొటేషన్లను పట్టించుకోకుండా ప్రతి కామా దగ్గరా నరికేస్తాయి. పై వరుసలో రెండో కాలమ్ అడిగితే "వంటలు వరకే ఇస్తాయి. ఆ పనిముట్లు వాడాలనుకుంటే ట్యాబ్‌తో మార్చండి. పుస్తకాల పేర్లలో కామాలు కోకొల్లలు, ట్యాబ్ దాదాపు ఉండదు. కామాతోనే ఉండాలంటే కట్ బదులు సీఎస్‌వీకిట్‌లోని సీఎస్‌వీకట్ వాడండి.

ఆల్ట్, ఎంటర్ కలిపి నొక్కి గడిలోనే కొత్త వరుస మొదలుపెట్టే అలవాటు కొందరికి ఉంటుంది. సీఎస్‌వీలో అది కొటేషన్ల లోపల నిజమైన కొత్త వరుసగా వస్తుంది. నియమం ప్రకారం అనుమతే, కానీ ఒక్క పుస్తకం రెండు వరుసల్లోకి పాకుతుంది. మార్చేముందే షీట్‌లో ఫైండ్ అండ్ రీప్లేస్ తెరిచి, వెతికే చోట కంట్రోల్, జే నొక్కి, బదులుగా ఒక ఖాళీ ఇవ్వండి. ఇది ఎక్సెల్ పద్ధతి. లిబ్రేఆఫీస్‌లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్స్ ఎంచుకుని \ఎన్ అని వెతకండి.

7. తెలుగు చెడితే గుర్తుపట్టడం, బాగుచేయడం

తెలుగు మూడు రకాలుగా చెడుతుంది. మూడింటికీ మందు వేరు.

మొదటిది, తోకలూ టోపీలూ ఉన్న లాటిన్ అక్షరాల గుంపుగా కనిపించడం. ఒక్కో తెలుగు అక్షరం యూటీఎఫ్-8లో మూడు బైట్లు. వాటిని ఒక్కొక్కటిగా వేరే లిపిలో చదివితే ఈ గందరగోళం వస్తుంది. ఫైలు చెడలేదు, తెరిచిన ప్రోగ్రాము తప్పుగా చదివింది. యూటీఎఫ్-8 అని చెప్పి మళ్లీ తెరిస్తే తెలుగు వచ్చేస్తుంది. ఆ గందరగోళం కనిపిస్తున్నప్పుడు సేవ్ మాత్రం చేయకండి.

రెండోది, వరుసగా ప్రశ్నార్థకాలు. ఇది నిజంగా పోయినట్టే. సంకేతలిపిలో తెలుగు లేనందువల్ల ప్రతి అక్షరం బదులూ ఒక ప్రశ్నార్థకం రాశారు. వెనక్కి తెచ్చే దారి లేదు, అసలు ఫైలు నుంచి 76తో మళ్లీ మార్చాలి. ఎక్సెల్‌లో యూటీఎఫ్-8 అని రాసి లేని మామూలు సీఎస్‌వీ ఎంచుకుని సేవ్ చేసినప్పుడు సాధారణంగా ఇదే జరుగుతుంది.

మూడోది మన దగ్గర ప్రత్యేకం. షీట్‌లో చక్కని తెలుగు కనిపిస్తుంది, మార్చాక ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలిసిన అర్థంలేని వరుస వస్తుంది. ఆ టెక్స్ట్ అను లాంటి పాత ఫాంట్లలో టైపు చేసినదై ఉంటుంది. అక్కడ తెలుగు ఫాంట్‌లోనే ఉంది, గడిలో లేదు. ఫాంట్ లేని సాదా టెక్స్ట్‌లోకి రాగానే ముసుగు తొలగింది. ముందుగా ఆ కాలమ్‌ను యూనికోడ్ కన్వర్టర్‌తో మార్చి, ఒత్తులనూ వట్రసుడులనూ కంటితో సరిచూసి, ఆ తర్వాతే కమాండ్ నడపండి. డీటీపీ కేంద్రాల నుంచి వచ్చిన పాత జాబితాల్లో ఇది ఎక్కువ.

సంకేతలిపి ఏదో తెలుసుకోవడానికి:

ఫైల్ -ఐ బుక్స్.సీఎస్‌వీ

జవాబులో యూటీఎఫ్-8 అని రావాలి. మ్యాక్‌లో ఈ ఐ పెద్దక్షరం.

వెతికినప్పుడు కళ్ల ముందున్న మాట కూడా దొరక్కపోతే కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను అనుమానించండి. సాఫ్ట్‌వేర్ అన్న మాటలో ట్ కూ వే కూ మధ్య ఉండేది అదే. ఒకరు దానితో, ఇంకొకరు అది లేకుండా టైపు చేస్తే కంప్యూటర్‌కు అవి రెండు వేర్వేరు మాటలు. వెతకడానికి వేరే నకలు తీసి అందులోంచి మాత్రమే దాన్ని తొలగించండి. అసలు ఫలితంలో ఉంచండి, లేకపోతే మాటల రూపం మారిపోతుంది.

8. సరిచూడడం

ఇది చేయనిదే ఫైలు ఎవరికీ పంపకండి.

వరుసలు లెక్కపెట్టండి. డబ్ల్యూసీ -ఎల్ కమాండ్ వరుస ముగింపులను లెక్కిస్తుంది, గడుల్లోపల కొత్త వరుసలుంటే ఎక్కువ చూపిస్తుంది. నమ్మదగ్గ లెక్క ఇది:

సీఎస్‌వీస్టాట్ --కౌంట్ బుక్స్.సీఎస్‌వీ

కాలమ్ పేర్ల వరుసను ఇది లెక్కలోకి తీసుకోదు. మీరు కాగితం మీద రాసుకున్న అంకెతో పోల్చండి. వరుసలు సరిగ్గా 65,536 దగ్గర ఆగాయంటే దారిలో ఎక్కడో పాత ఎక్స్‌ఎల్‌ఎస్ రూపం అడ్డొచ్చింది. ఆ రూపానికి అదే హద్దు. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌కు హద్దు 10,48,576. 2020 శరదృతువులో ఇంగ్లండ్‌లో 15,841 కోవిడ్ కేసులు లెక్కల్లోంచి జారిపోవడానికి ఈ పాత రూపపు హద్దే కారణం. ల్యాబుల నుంచి సీఎస్‌వీలు సరిగ్గానే వచ్చాయి, వాటిని పాత ఎక్సెల్ రూపంలోకి ఎక్కించినప్పుడు మిగిలిన వరుసలు తెగిపోయాయి. ఎక్కడా ఏ హెచ్చరికా రాలేదు.

తర్వాత ఈ వరసలో చూడండి:

- మొదటి ఐదు, చివరి ఐదు వరుసలు హెడ్, టెయిల్ కమాండ్లతో చూసి అసలుతో పోల్చారు
- సున్నాతో మొదలయ్యే నంబరు ఒకటి వెతికి చూశారు
- ఐఎస్‌బీఎన్‌లలో ఒక్కదానిలోనూ ‘ఈ’ అనే ఇంగ్లిష్ అక్షరం, ప్లస్ గుర్తు లేవు
- 12 కంటే పెద్ద రోజు ఉన్న తేదీ ఒకటి, చిన్న రోజు ఉన్నది ఒకటి చూశారు
- వెల కాలమ్ మొత్తం షీట్‌లోని మొత్తంతో సరిపోయింది
- సీఎస్‌వీక్లీన్ నడిపితే కాలమ్‌ల సంఖ్య తేడా ఉన్న వరుసలేవీ రాలేదు

ఫార్ములాలున్న కాలమ్ పూర్తిగా ఖాళీగా వచ్చిందా? ఆ ఫైలును ఏదో ప్రోగ్రాము తయారుచేసి ఉంటుంది, దాన్ని ఎవరూ స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి సేవ్ చేయలేదు. ఇన్2సీఎస్‌వీ, ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్2సీఎస్‌వీ లెక్కలు చేయవు, ముందే చేసిపెట్టిన ఫలితాన్ని చదువుతాయి. అలాంటి ఫైలును లిబ్రేఆఫీస్‌లో ఒకసారి తెరిచి సేవ్ చేసి మళ్లీ మార్చండి.

9. అందుకునేవారికి చెప్పాల్సినవి

ఇంత జాగ్రత్తగా మార్చిన ఫైలును అవతలివారు ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరిచి, సేవ్ చేశారంటే సున్నాలు పోతాయి, ఐఎస్‌బీఎన్‌లు ఘాత రూపంలోకి మారతాయి. తెరవగానే ఎక్సెల్ మళ్లీ ఊహించడం మొదలుపెడుతుంది. జన్యువుల పేర్లు ఇలా తేదీలుగా మారిపోతున్నాయని, జన్యు నామకరణ సంఘం 2020లో కొన్ని జన్యువుల పేర్లనే మార్చుకుంది.

కాబట్టి ఫైలుతో పాటు నాలుగు వరుసల చిన్న నోట్ పంపండి: గడుల మధ్య ఏ గుర్తు ఉంది, సంకేతలిపి యూటీఎఫ్-8, తేదీ ఏ వరసలో ఉంది, ఎన్ని వరుసలున్నాయి. ఎక్సెల్‌లోనే తెరవాల్సి వస్తే డేటా మెనూలో టెక్స్ట్ లేదా సీఎస్‌వీ నుంచి తెచ్చుకునే మీట నొక్కి, సంకేతలిపి దగ్గర 65001 ఎంచుకుని, ట్రాన్స్‌ఫార్మ్ డేటాలోకి వెళ్లి యాక్సెషన్ నంబరు, ఐఎస్‌బీఎన్ కాలమ్‌ల రకాన్ని టెక్స్ట్‌గా పెట్టి, అప్పుడు లోడ్ చేయమని చెప్పండి. ఎక్సెల్ ముందుగానే రకం మార్చిన మెట్టు అక్కడ కనిపిస్తే, దాన్ని తొలగించాకే టెక్స్ట్ పెట్టాలి. లేకపోతే సున్నాలు పోయిన అంకెలే టెక్స్ట్ అవుతాయి.